కంట్లో కిటికీ

"ఆ పెట్టె ముట్టుకున్నావంటే ఊరుకోను," అంది అక్క.

"ముట్టుకోవడం లేదక్కా. కాస్త పక్కకి జరుపుతున్నాను. దారికి అడ్డంగా ఉందని."

"ఉండనీ. ఇన్నేళ్ళకి నా వస్తువొకటి నీ దారికి అడ్డమొచ్చింది. అదైనా నీ కంటబడింది, సంతోషం."

చెల్లెలు చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండు గదుల మధ్య నడవాలో నీలం సూట్‌కేసు నోరు తెరుచుకుని పడి ఉంది. మడతపెట్టిన బట్టలు, రెండు జతల కాన్వాసు బూట్లు, మోకాళ్ళకి రాసుకునే మందు. అన్నిటికీ పైన, అక్క స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసిన రోజుల నాటి ఈల. ఆ ఈల సర్దిందంటే మనిషి తిరిగొచ్చే ఉద్దేశంలో లేదు. నాలుగు రోజులు ఊరెళ్ళొచ్చేవాళ్ళు ఈలలు పట్టుకెళ్తారా?

"నిజంగానే వెళ్ళిపోతావా?"

"సాయంత్రం కారొస్తోంది. అబద్ధానికి కారు పిలుచుకుంటారా ఎవరైనా?"

"హాస్టల్లో వార్డెన్ ఉద్యోగమంటే మాటలా అక్కా? ఈ వయసులో?"

"వయసుకేం? మోకాళ్ళు నావి, నొప్పి నాది. అక్కడ హాస్టలు నిండా ఆడపిల్లలట. పొద్దస్తమానం ఎవరో ఒకరు తలుపు కొడుతూనే ఉంటారట. వార్డెనమ్మా కడుపు నొప్పి, వార్డెనమ్మా కుళాయి విరిగింది అంటూ. పాతావిడ ఆ గోల పడలేకే మానేసిందట. నాకదే కావాలి. నా తలుపు కొట్టే మనుషులు కావాలి నాకు."

అక్క మాట్లాడితే ఈల వేసినట్టే ఉంటుంది. ఎదుటివాళ్ళు ఉన్నచోట ఆగిపోవలసిందే. చెల్లెలు కూడా ఆగిపోయింది. ఆగి, ఎత్తకూడని మాటే ఎత్తింది.

"బొగ్గు పోయినందుకే కదా ఇదంతా?"

అక్క చేతిలో తువ్వాలు సగం మడతలో నిలిచిపోయింది. బొగ్గు వాళ్ళ నల్లకుక్క. పోయిన వారం ఈ నడవాలోనే, చెల్లెలు బొమ్మలు వేసుకునే గది తలుపు ముందు ప్రాణం వదిలాడు.

"వాడి పేరెత్తకు నా దగ్గర."

"నేనేం కావాలని చేశానా? గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. ముసలాడైపోయాడు, తలుపు తీసినా బతికేవాడు కాదన్నాడు. నువ్వూ విన్నావుగా."

"బతికేవాడని నేనెప్పుడన్నానే? ఒంటరిగా పోయేవాడు కాదన్నాను. అంతేగా నేనన్నది? లోపల నువ్వున్నావు. ఇవతల వాడు తలుపు గోకుతున్నాడు. నీకు వినబడిందా, లేదా?"

"వినబడింది."

"ఏమన్నావు వాడితో?"

చెల్లెలు ఆ తలుపుకేసి చూసింది.

"నేనింట్లో లేను, పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నాను. నువ్వే తర్వాత ఏడుస్తూ చెప్పావు. ఏమన్నావో మళ్ళీ చెప్పు."

"ఒక్క నిమిషం, అన్నాను."

"ఆఁ. నేనొచ్చి వాణ్ణి చూసి, కాళ్ళూ చేతులూ ఆడక నీ తలుపు బాదితే? నాతో ఏమన్నావు?"

"అక్కా..."

"ఏమన్నావే?"

"ఒక్క నిమిషం, అన్నాను."

మనలో మాట, ఆవిడ నిమిషాలు ఎలాంటివో ఇంట్లో అందరికీ తెలుసు. భోజనానికి రావే అంటే ఒక్క నిమిషం. టీ చల్లారిపోతోందంటే ఒక్క నిమిషం. నాకు జ్వరంగా ఉంది, కాస్త నుదురు పట్టుకుని చూడవే అన్నా ఒక్క నిమిషమే. ఇంట్లో అందరూ అంటే పెద్ద సంసారమేమీ కాదు. అక్క, బొగ్గు. అక్కకి భర్త పోయాడు, చెల్లెలు పెళ్ళి వద్దనుకుంది. ఇద్దరూ ఒక గూటికి చేరి చాలా ఏళ్ళయింది. చేరడమైతే చేరారు గానీ, మధ్యలో ఆ తలుపొకటి ఉండిపోయింది.

తలుపెందుకంటే, పాపం, దానికీ కారణముంది. ఆయిల్ రంగులు ఆరడానికి రోజులు పడుతుంది. తడి రంగు మీద ఒక్క కుక్క వెంట్రుక వాలిందంటే ఊడదు. ఊడబెరికితే రంగూ లేచొస్తుంది. ఊరందరి కుక్కల బొమ్మలూ బాగుండాలంటే సొంత కుక్క బయటే ఉండాలి మరి.

డోర్ బెల్ మోగింది.

"వెళ్ళు, నీవాళ్ళెవరో వచ్చారు," అంది అక్క. "వాళ్ళకైతే ఒక్క నిమిషం అనవుగా."

వచ్చినాయన టైలరు. మనిషి సన్నగా, కొలిచి కుట్టినట్టుంటాడు. మెడలో టేపు తీసి రావడం మరిచిపోయాడు. నాలుగు వీధుల అవతల ఆయన కొట్టు. వెనక గదిలోనే కాపురం. కాపురమంటే ఆయనా, మిషనూ. అంతకుముందు తెల్లపిల్లి కూడా ఉండేది. దాని పేరు దూది. అది పోయాక ఆయన మిషనుతో మాట్లాడ్డం మొదలుపెట్టాడని వీధిలో నవ్వుకుంటారు. చెల్లెలు నవ్వలేదు. ఆవిడ మాట్లాడేది కుంచెలతో.

"అయిందన్నారు కదండీ. పొద్దుట్నించీ ఏ గుండీ ఎక్కడ కుడుతున్నానో తెలియడం లేదు," అన్నాడాయన.

"రండి. ఆరిపోయింది. ముట్టుకోవచ్చు."

గదిలో మూడు గోడల మీదా జంతువుల బొమ్మలే. ముక్కు చప్పిడి కుక్కలు, చెవి తెగిన పిల్లులు, ఒంటికంటి కుందేలు, తల పక్కకి వంచి లెక్క అడుగుతున్నట్టు చూసే చిలుక. నాలుగో గోడకి కిటికీ. దాని పక్కన ఈజిల్ మీద, పాత గుడ్డ కప్పి, దూది.

చెల్లెలు గుడ్డ తీసింది.

టైలరు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కు కాన్వాసుకి తగిలేంత దగ్గరగా వంగాడు.

"అమ్మగారూ! దీని కంట్లో... ఇది మా కొట్టు కిటికీ కదండీ?"

"అవునండీ."

"పగిలిన అద్దానికి నేను అంటించిన అట్టముక్క కూడా ఉందే! అయ్య బాబోయ్, ఇంత చిన్న చుక్కలోనా?"

అది చెల్లెలి పద్ధతి. పని ఒప్పుకునే ముందు ఎవరినైనా సరే కూర్చోబెట్టి అడుగుతుంది. ఏ పక్కకి తిరిగి పడుకునేది? పిలిస్తే ముందు చెవి కదిలేదా, తోకా? దేనికి భయపడేది? చివరగా, రోజంతా ఏ కిటికీలోంచి చూసేది? అడిగి ఊరుకోదు, వెళ్ళి ఆ కిటికీ చూసొస్తుంది. బొమ్మంతా అయ్యాక, ఆఖరున, కంటిపాపలో పెట్టే తెల్లటి మెరుపు చుక్కలో ఆ కిటికీని వేస్తుంది. మామూలుగా చూస్తే అది మెరుపే. ఆ ఇంటివాళ్ళు చూస్తే మాత్రం ఇల్లు కనిపిస్తుంది. ఆ చుక్క పడ్డాకే జంతువు లేచి కూర్చుంటుందని ఆవిడ నమ్మకం.

"మీ పిల్లి చూసిన ప్రపంచం అదేకదండీ," అంది చెల్లెలు. పోయిన వారం తలుపవతల బొగ్గు గోకుతుంటే ఆవిడ వేస్తున్నది సరిగ్గా ఆ చుక్కే. ఆ అట్టముక్క అంచే. ఊపిరి బిగబట్టి, కుంచె కొనతో.

అక్క రెండు గ్లాసుల్లో మంచినీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇల్లు వదిలిపోయే రోజైనా సరే, వచ్చినవాళ్ళకి నీళ్ళివ్వకపోవడం ఆవిడ వల్ల కాదు.

"ఇదేమిటండీ, దారమా?" టైలరు పిల్లి మెడ కింద తెల్లబొచ్చు మీద వేలు పెట్టాడు.

చెల్లెలు చూసింది. నల్లటి వెంట్రుక. కొంచెం వంకీ తిరిగి, రంగులో సగం దిగి ఎండిపోయింది. ఎంత తలుపేసినా ఆవిడ బట్టలకి అంటుకుని ఏదో ఒకటి లోపలికి వస్తూనే ఉండేది. రోజూ సూదితో ఏరి పారేసేది, విసుక్కుంటూ.

"తీసేస్తానుండండి," అని సూది అందుకుంది. చెయ్యి ముందుకి పోలేదు.

"నేను తీస్తా లెండి. పోగులు తియ్యడం మాకలవాటేగా," అని ఆయన గోళ్ళ మధ్య పట్టి ఒక్క లాగు లాగాడు. రంగు మీద గీత కూడా పడలేదు. అలవాటుగా గాల్లోకి ఊదబోయాడు.

"పారేయకండి!"

చెల్లెలు అంత గట్టిగా అరుస్తుందని ఆయనా అనుకోలేదు, గుమ్మంలో ఉన్న అక్కా అనుకోలేదు. ఆయన బిత్తరపోయి ఆ వెంట్రుకను ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"మీ నల్లకుక్కదా? ఏడండీ వాడు? పోయినసారి నా ప్యాంటు కుట్లన్నీ వాసన చూసి, పాసు చేసి మరీ పంపాడు."

"లేడు," అంది అక్క.

"అయ్యో..." టైలరు నిజంగా బాధపడ్డాడు. ఏం చెయ్యాలో తోచక మెడలో టేపు తీసి వేలికి చుట్టుకున్నాడు. తర్వాత గోడలకేసి చూశాడు. ఒక గోడ, రెండో గోడ, మూడో గోడ. "మరి వాడి బొమ్మ ఏదండీ? ఇన్నింట్లో కనబడ్డం లేదు. ఒకసారి చూసి పోతాను."

మంచి మనసుతోనే అడిగాడు పాపం. అక్కే అందుకుంది.

"మా ఇంట్లో పొరుగింటి పుల్లకూరే రుచి బాబూ. సొంత కుక్కకి కూర్చుని బొమ్మ వేయించుకునేంత అదృష్టం ఎక్కడిది? వాడికి యజమానులు లేరు కదా, వచ్చి అడగడానికి."

అని గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది. నీళ్ళింకా ఎవరూ తాగలేదు.

టైలరు దూదిని గుడ్డలో చుట్టుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లు దిగాడు. దిగుతూ దిగుతూ దాంతో ఏదో చెబుతున్నాడు. చెల్లెలు మెట్ల పైన నిలబడి ఆ గొంతు వీధిలో కలిసిపోయేదాకా విన్నది. ఆయనకి ఇంటికి తీసుకెళ్ళడానికి ఒకటుంది. తనకి? అరచేతిలో వెంట్రుక.

గదిలోకొచ్చి ఫోను తీసింది. బొమ్మ వెయ్యాలి. అక్క కారెక్కేలోపు కనీసం మొదలుపెట్టి చూపించాలి. బొగ్గు మొహం చూస్తే అక్క ఆగుతుంది. ఆగకపోతే ఈ ఇంట్లో తాను మిగిలేది ఈ గోడల మీది జంతువులతోనే. వాటిల్లో సగం ఇప్పుడు బతికి లేవు కూడా.

ఫోనులో ఫొటోలు కొండంత ఉన్నాయి. పొరుగింటి కుక్కలు, పక్క వీధి పిల్లులు, ఎవరెవరివో పంజాలు, మూతులు, మీసాలు. బొగ్గు కోసం వెతికింది. ఒక దాంట్లో తోక. ఇంకో దాంట్లో, ఎవరిదో బొచ్చుకుక్క వెనకాల నల్లగా మసక. మరో దాంట్లో బల్ల కింద రెండు ముందు కాళ్ళు. మొహం ఎక్కడా లేదు. అక్క దగ్గరున్నది బొత్తాల ఫోను, దాంట్లో ఫొటోలే రావు.

పోనీ, ఎందుకు, రోజూ చూసిన మొహమేగా? కాన్వాసు ఎక్కించింది. నల్లరంగు ఆవిడ ఎప్పుడూ కొనదు. నలుపు గొట్టంలోంచి రాదు, నీలమూ ముదురు గోధుమా కలిపి పిండుకోవాలంటుంది. కలిపింది. తల గీసింది. చెవుల దగ్గరికొచ్చేసరికి కుంచె ఆగింది.

బొగ్గుకి ఒక చెవి నిలబడేది, ఒకటి వాలేది. ఏది వాలేది?

కుడిది అనుకుంది. వేసింది. కాదనిపించింది. తుడిచేసి ఎడమది వాల్చింది. అప్పుడు అది ఎవరి కుక్కో అయింది. కళ్ళు గోధుమ రంగువా, తేనె రంగువా? మూతి మీద నెరిసిన బొచ్చు ఎప్పుడొచ్చింది, ఎంతవరకొచ్చింది? దూది మీసాలెన్నో ఆవిడ చెప్పగలదు. ఒంటికంటి కుందేలుకి పోయిన కన్ను ఏదో చెప్పగలదు. కుంచె కింద పెట్టి, మొహాన్ని రెండు చేతుల్లో పెట్టుకుంది. చేతులకున్న నలుపు బుగ్గలకంటింది.

అలాగే లేచి నడవా దాటి అక్క గదికి వెళ్ళింది.

అక్క అలమరా ఖాళీ చేస్తోంది. మొహానికి రంగుతో గుమ్మంలో నిలబడ్డ చెల్లెల్ని చూసి, నవ్వొచ్చినా నవ్వలేదు.

"ఏమిటా అవతారం?"

"అక్కా, బొగ్గుకి వాలే చెవి ఏది?"

అక్క చేతిలో ఉన్న బట్ట మంచం మీద పడేసింది. చెల్లెలికేసి చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపముంటే బాగుండేది.

"నీకు తెలీదూ?"

"తెలీదు."

"ఎడమది," అంది అక్క మెల్లిగా. "చిన్నప్పుడు గేటులో ఇరుక్కుంది. నేనే కట్టు కట్టాను."

"కూర్చో అక్కా. నేను అడుగుతాను, నువ్వు చెప్పు."

"ఓహో. ఇప్పుడు నేను నీ కస్టమర్నా?"

"అవును. అలాగే అనుకో. వాళ్ళందరినీ అడుగుతాను కదా. నిన్నొక్కదాన్నే అడగలేదు."

అక్క కూర్చోలేదు. అలాగని పొమ్మని కూడా అనలేదు. మంచం కోడు పట్టుకుని నిలబడింది. చెల్లెలు గుమ్మంలోనే నేల మీద చతికిలబడింది.

"ఏ పక్కకి తిరిగి పడుకునేవాడు?"

"ఎడమ పక్కకి. చెవి కింద పెట్టుకుని. కుడి చెవి మాత్రం నిద్రలో కూడా పైకే."

"కళ్ళు?"

"నల్లటి టీ రంగు. ఎండలో ఎర్రగా కనబడేవి. ఈ మధ్య కుడికంట్లో కాస్త పొర కట్టింది. నీకు చెప్పాను. ఒక్క నిమిషం అన్నావు."

చెల్లెలు తలొంచుకుని అడిగింది. "దేనికి భయపడేవాడు?"

"ఈలకి," అంది అక్క. "డ్రిల్లు టీచరు కుక్క, ఈలకి భయపడేది. నేనొకసారి సరదాకి ఊదితే మంచం కింద దూరాడు. ఆ తర్వాత మళ్ళీ ఊదలేదు నేను. వాడి కోసమే దాచేశాను దాన్ని."

ఇద్దరూ ఒకేసారి సూట్‌కేసులో పైనున్న ఈలకేసి చూశారు. ఇంట్లో ఇక భయపడేవాడు లేడు కాబట్టి అది బయటికొచ్చింది. చెల్లెలు దాన్ని తిరిగిరాని ప్రయాణానికి గుర్తనుకుంది. కన్నీళ్ళాగలేదు ఆవిడకి. తుడుచుకుంటే రంగు కళ్ళలోకెళ్ళి మండింది.

"ఇంకా ఏమడుగుతావు వాళ్ళని?" అంది అక్క. గొంతు కొంచెం మెత్తబడింది.

చెల్లెలికి ఆశ పుట్టింది. ఆ తొందరలో, వెనకా ముందూ చూసుకోకుండా, ఎప్పుడూ చివర అడిగే ప్రశ్న అడిగేసింది.

"రోజంతా ఏ కిటికీలోంచి చూసేవాడు?"

అక్క మొహం మారిపోయింది.

"కిటికీయా?"

"అదే, కంట్లో వెయ్యడానికి..."

"తెలుసు ఎందుకో. అందరికీ నువ్వు చెబుతుంటే వంటింట్లో వింటూనే ఉంటానుగా. వాడికి కిటికీ ఏమిటే? వాడు కిటికీ చూసిందెప్పుడు? పొద్దున్న నువ్వు గదిలోకెళ్ళి గడియ పెట్టుకుంటే, నడవాలో చేరి మళ్ళీ నువ్వు బయటికొచ్చేదాకా ఆ తలుపుకేసే చూసేవాడు. అన్నం నేను పెట్టేదాన్ని, స్నానం నేను చేయించేదాన్ని, ఆస్పత్రికి నేను తీసుకెళ్ళేదాన్ని. చూసింది మాత్రం నీ తలుపుని. వాడి కంట్లో ఏం వేస్తావో వేసుకో."

"అక్కా, నాకు తెలీదు..."

"తెలీదు. నీకేం తెలుసు? ఊరందరి కిటికీలూ తెలుసు. లే అక్కణ్ణించి. నేను సర్దుకోవాలి."

అక్క నడవాలోకొచ్చి సూట్‌కేసును గదిలోకి ఈడ్చుకుంది. తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడైంది.

ఆ తలుపు పగలు మూసి ఉండగా చెల్లెలు ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడొచ్చినా అది బార్లా తీసే ఉండేది. అసలు దానికి గడియ ఉందనే ఆవిడకి తెలీదు.

కాసేపు నడవాలో నిలబడింది. తర్వాత తన గది తలుపు బయటినుంచి దగ్గరికి లాగి, దాని ముందు నేల మీద పడుకుంది. ఎడమ పక్కకి తిరిగి. పిచ్చా అంటే పిచ్చే అనుకోండి. కిటికీ చూడకుండా బొమ్మ పూర్తిచేయడం ఆవిడకి చేతకాదు. కిటికీ లేకపోతే ఉన్నదేదో అదైనా చూడాలిగా.

నేల చల్లగా ఉంది. కంటికి ఎదురుగా తలుపు. ఇన్నేళ్ళుగా లోపలివైపే చూసింది దాన్ని. అటువైపు రంగు కూడా తనే వేసుకుంది. ఇటువైపు ఎవరూ వెయ్యలేదు. కింద, తలుపుకీ నేలకీ మధ్య, సన్నటి వెలుతురు గీత. లోపల కిటికీ వెలుతురే అది. మనిషి లోపల తిరిగితే ఆ గీతలో నీడలు కదులుతాయి కాబోలు. వాడు చూసింది ఆ నీడల్నే. మా అమ్మ లోపలుంది, కదులుతోంది, వస్తుంది అనుకుంటూ.

గీతకి పైన, చెక్క మీద, గోళ్ళ గుర్తులు. పాతవి మాసిపోయి బూడిద రంగుకి తిరిగాయి. కొత్తవి తెల్లగా ఉన్నాయి. వెంట్రుక వెంట్రుకా విడదీసి వేసే మనిషికి ఏది ఎప్పటిదో తెలిసిపోతుంది. అన్నిటికంటే తెల్లగా ఉన్నది అన్నిటికంటే కిందుంది. చివరికి లేవలేక, పడుకునే గోకినట్టున్నాడు.

"బొగ్గూ," అంది. వాడున్నప్పుడు అంత మెత్తగా ఎప్పుడూ పిలవలేదు.

లేచి కూర్చుని, నీరసంగా గోడకి చేరగిలబడింది. పక్కకి చూస్తే గోడ మీద మరక కనిపించింది. గుండ్రంగా, అరచేయంత, జిడ్డుగా. కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తులో. కుక్క అంత పైకి ఆనుకోదు. ముక్కు దగ్గర పెట్టి చూసింది. తలనూనె వాసన. అక్క రాసుకునే నూనె.

ఒకరోజులో పడే మరక కాదది. సున్నంలోకి ఇంకిపోయింది.

వంటయ్యాక, ఆ తలుపుకి ఇవతల, బొగ్గు పక్కన, అక్క కూడా కూర్చునేది. మోకాళ్ళ నొప్పులతో నేల మీద కూర్చుని, ఒక చెయ్యి వాడి మీద వేసి, గోడకి తల ఆనించి, లోపల కుంచె చప్పుడు వింటూ. తలుపు కొట్టకుండా. కొడితే ఏం సమాధానమొస్తుందో తెలుసు కాబట్టి.

లోపల తానొక్కర్తే ఒంటరిదనుకుంది చెల్లెలు ఇన్నాళ్ళూ. ఎవరికీ అర్థం కానిదాన్నని, అది కళాకారుల రాత అని, రాత్రుళ్ళు తన మీద తనే జాలిపడేది. ఇంత దగ్గరలో, చెక్కకి ఇవతల, ఇద్దరు కూర్చుని తన కోసం ఎదురుచూస్తున్నారని తెలీలేదు. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది. ఏడుపు పెద్దగా బయటికొస్తుందని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కింద వీధిలో కారు ఆగింది. కారువాడు ఒకసారి హారను కొట్టాడు.

చెల్లెలు లేవకుండా మోకాళ్ళ మీదే నడవా దాటి అక్క తలుపు దగ్గరికి చేరింది. లోపల జిప్పు లాగుతున్న చప్పుడు. నిండిన పెట్టె జిప్పు, ఆగి ఆగి కదులుతోంది.

తలుపు కొడదామని చెయ్యెత్తింది. ఏ మొహం పెట్టుకుని కొడుతుంది? కొట్టి ఏమంటుంది? ఉండిపో అనా? ఆ మాట అనడానికి అర్హత ఉన్నవాడు పోయిన వారమే పోయాడు.

ఎత్తిన చెయ్యి కిందికి దిగింది. తలుపు అడుగున, నేలకి జానెడెత్తులో, గోళ్ళతో గోకింది. మెల్లిగా. రెండుసార్లు. ఆగి, మళ్ళీ ఒకసారి. బొగ్గు గోకినట్టే.

లోపల జిప్పు ఆగిపోయింది.

అడుగుల చప్పుడు లేదు. ఏడుపు లేదు. తిట్టు లేదు. తలుపు కింది వెలుతురు గీతలో నీడ ఒకటి వచ్చి నిలబడింది. అంతవరకే వచ్చింది. కింద కారువాడు మళ్ళీ హారను కొట్టాడు, ఈసారి పొడుగ్గా.

"ఒక్క నిమిషం," అంది అక్క.

కారువాడితో అందో, తనతో అందో తెలియలేదు. ఆ గొంతులో ఉన్నది కోపమో కన్నీళ్ళో కూడా తలుపు తెలియనివ్వలేదు. చెల్లెలు చెయ్యి దించుకుని, తలుపుకేసి చూస్తూ కూర్చుంది.